చీర్‌వైన్‌తో బార్బెక్యూ సాస్: కొలతలు, మరిగింపు, ఎక్కడ చెడుతుంది

కేరీ_వంటిల్లు
చీర్‌వైన్ అనే చెర్రీ సోడా పోసి చేసే తియ్యటి బార్బెక్యూ సాస్‌కి నమ్మకమైన కొలతలు కావాలండీ. నెట్‌లో దొరికేవన్నీ ఇంచుమించు ఒకటే: ఒక క్యాన్ చీర్‌వైన్, రెండు కప్పుల కెచప్, కప్పు బ్రౌన్ షుగర్, అన్నీ గిన్నెలో పోసి చిక్కబడే దాకా ఉడికించడం. అలా చేస్తే పాకం పట్టిన కెచప్ తయారవుతుంది తప్ప చెర్రీ జాడ ఉండదు. సోడాని ముందు విడిగా మరిగించాలా? బ్రౌన్ షుగర్ అసలు అవసరమా? గ్యాస్ గ్రిల్ మీద చికెన్ తొడలకి ఎప్పుడు పూయాలి? ఇరవై మందికి సరిపోవాలి.

కొత్త_సభ్యుడు_27
పేరులో వైన్ ఉంది కదా, ఆల్కహాల్ ఏమైనా ఉంటుందా? పిల్లలు కూడా తింటారు.

లెక్సింగ్టన్_డిప్
చుక్క కూడా ఉండదండీ. బుర్గుండీ వైన్ లాంటి ముదురు ఎరుపు కాబట్టి ఆ పేరు. నార్త్ కరోలినాలోని సాల్స్‌బరీలో 1917లో ఎల్.డి. పీలర్ మొదలుపెట్టిన చెర్రీ సోడా. ఇప్పటికీ ఆ కుటుంబం చేతిలోనే ఉంది. అయితే కొంచెం కెఫీన్ ఉంటుంది. మరిగిస్తే కెఫీన్ పోదు. కానీ ఒక్కో ముక్క మీద పడే సాస్‌లో అది లెక్కకి రాదు.

పొగపొయ్యి
కేరీ గారూ, బ్రౌన్ షుగర్ వద్దు. ఈ సాస్‌లో జనం చేసే మొదటి తప్పు, సోడాని రుచి కోసం పోసే నీళ్లలా చూడడం. అది చక్కెర నీళ్లు. 12 ఔన్సుల క్యాన్‌లో, అంటే 355 మి.లీ.లో, సుమారు 40 గ్రాముల చక్కెర ఉంటుంది. రెండు క్యాన్లు మరిగిస్తే 80 గ్రాములు. ఒకటిన్నర కప్పు కెచప్‌లో ఇంకో 95 గ్రాముల దాకా వస్తుంది. ఈ రెండూ చాలు. దాని మీద కప్పు బ్రౌన్ షుగర్ వేస్తే ఇంకో 200 గ్రాములు పైన పడ్డట్టే. అప్పుడు చెర్రీ కాదు గదా, మిరప కూడా తెలియదు.

రెండున్నర కప్పుల సాస్‌కి (సుమారు 600 మి.లీ.) కొలతలు ఇవి.

చీర్‌వైన్ 2 క్యాన్లు. అందులోంచి 60 మి.లీ. తీసి, మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. చివర్లో కావాలి.
కెచప్ ఒకటిన్నర కప్పు
యాపిల్ సైడర్ వెనిగర్ (5 శాతం ఆమ్లం ఉన్నది) అర కప్పు, చివరికి ఇంకో టేబుల్ స్పూను
వూస్టర్‌షైర్ సాస్ 2 టేబుల్ స్పూన్లు
మొలాసిస్ (చక్కెర తీయగా మిగిలే నల్లటి చెరుకు పాకం) 1 టేబుల్ స్పూను
పసుపు రంగు మస్టర్డ్ 1 టేబుల్ స్పూను
ఉల్లి పొడి 2 టీ స్పూన్లు, వెల్లుల్లి పొడి 1 టీ స్పూను
స్మోక్డ్ పాప్రికా (పొగబెట్టిన ఎర్ర మిరప పొడి) 2 టీ స్పూన్లు
మిరియాల పొడి 1 టీ స్పూను
గుంటూరు కారం అర టీ స్పూను నుంచి ముప్పావు

ఉప్పు రాయలేదు, మరిచిపోయి కాదు. అంత కెచప్‌లోనే సుమారు 9 గ్రాముల ఉప్పు ఉంటుంది, వూస్టర్‌షైర్‌లో ఇంకొంత. చివర్లో రుచి చూసి అప్పుడు ఆలోచించండి. చాలాసార్లు అక్కర్లేదు.

ముందు సోడా. వెడల్పాటి స్టీలు గిన్నె తీసుకోండి, 10 నుంచి 12 అంగుళాలది. పూత లేని అల్యూమినియం వద్దు, ఆమ్లానికి లోహపు రుచి దిగుతుంది. సోడా గది వేడిలో ఉండాలి. గిన్నెలో పోసి విస్క్‌తో ఒక నిమిషం గిలక్కొట్టి గ్యాస్ పోగొట్టండి. చల్లటి సోడాని నేరుగా పెద్ద మంట మీద పెడితే పాలు పొంగినట్టు పొంగి స్టవ్ అంతా జిగురవుతుంది. తర్వాత మధ్యస్థం కంటే కాస్త పెద్ద మంట మీద మూత లేకుండా మరగనివ్వండి. 650 మి.లీ. కాస్తా 220 మి.లీ. కావాలి. వెడల్పు గిన్నెలో 20 నుంచి 25 నిమిషాలు పడుతుంది.

కంటితో అంచనా వేయకండి. అదే గిన్నెలో ముందు 220 మి.లీ. నీళ్లు పోసి, చెక్క గరిటె నిలువుగా ముంచి, తడి ఎక్కడి దాకా వచ్చిందో పెన్సిల్ గీత పెట్టుకోండి. మరుగుతున్నప్పుడు మంట తగ్గించి అదే గరిటెతో చూడండి. చేతికి జిగురు తగలాలి కానీ తీగ రాకూడదు. తీగ పాకం వచ్చిందంటే చాలా దాటిపోయారు. అప్పటికి గిన్నెలో 80 మి.లీ. కూడా మిగలదు. అది చల్లారితే గరిటె ఊడిరాదు. దాటినా పారెయ్యక్కర్లేదు, వేడిగా ఉండగానే వేడినీళ్లు పోసి 220కి తెచ్చుకోవచ్చు. మాడు వాసన వస్తే మాత్రం పారబోయాల్సిందే.

ఇప్పుడు మంట తగ్గించి పొడులన్నీ ఆ పాకంలో వేసి ఒక నిమిషం కలపండి. తర్వాత కెచప్, అర కప్పు వెనిగర్, మిగతావి వెయ్యండి. సన్న మంట మీద 20 నిమిషాలు, రెండు నిమిషాలకోసారి అడుగు గీకుతూ ఉడికించండి. టమాటా గుజ్జు అడుగున కూర్చుని మాడుతుంది. చిటపటలాడి చేతుల మీద పడుతుంది కాబట్టి జల్లెడ మూత ఉంటే మంచిది.

దించి పది నిమిషాలు ఆరాక, ఫ్రిజ్‌లో దాచిన 60 మి.లీ. చీర్‌వైన్, టేబుల్ స్పూను వెనిగర్ కలపండి. ఇవి పొయ్యి మీద ఉండగా పోస్తే దాచి ప్రయోజనం లేదు.

ఆమ్లం_లెక్క
ఆ చివరి మాటకి కారణం చెప్తాను. కృత్రిమ చెర్రీ రుచిలో ముఖ్యమైనది బెంజాల్డిహైడ్, బాదం ఎసెన్స్‌లో వాసనిచ్చేదీ అదే. దాని మరుగు స్థానం 179 డిగ్రీల సెల్సియస్. అయినా నీటి ఆవిరితో పాటు అది ముందే లేచిపోతుంది. సోడా మరుగుతున్నప్పుడు ఇల్లంతా చెర్రీ వాసన గుప్పుమంటోందంటే ఆ వాసన గిన్నెలోంచి వెళ్లిపోతోందని అర్థం. గిన్నెలో మిగిలేది తీపి, పులుపు, రంగు.

60 మి.లీ. పచ్చి సోడాతో కొంత వెనక్కొస్తుంది. ఇంకా కావాలంటే బాదం ఎసెన్స్ ఒక టీ స్పూనులో ఎనిమిదో వంతు. అంతకు మించితే దగ్గుమందు వాసన. నట్స్ అలర్జీ ఉన్నవాళ్లుంటే ఎసెన్స్ లేబుల్ చూడండి. చాలావాటిని ఆప్రికాట్ గింజల నుంచో కృత్రిమంగానో చేస్తారు, కొన్నింటిలో మాత్రం బాదమే ఉంటుంది.

గ్యాస్ పోయినా సోడా పులుపు పోదని కూడా గుర్తుంచుకోండి. కార్బానిక్ ఆమ్లం ఆవిరై పోతుంది, ఫాస్ఫారిక్ ఆమ్లం మిగిలి మూడు రెట్లు గాఢమవుతుంది. వెనిగర్ది దీనికి వ్యతిరేకం. ఎసిటిక్ ఆమ్లం ఉడికేకొద్దీ తగ్గుతుంది. ఆ చివరి టేబుల్ స్పూను అందుకే.

ఫ్రిస్కో_కారం
అన్నా, మా టెక్సాస్ల చీర్‌వైన్ అన్ని షాపులల్ల దొరకదు. డాక్టర్ పెప్పర్‌తోని అదే కొలత నడుస్తదా? ఇంకోటి, గాజు సీసాల వచ్చే చెరుకు చక్కెర రకం వాడితే తేడా ఉంటదా?

పొగపొయ్యి
నడుస్తుంది తమ్ముడూ. డాక్టర్ పెప్పర్ మీ టెక్సాస్ సరుకే, వేకోలో 1885లో పుట్టింది. క్యాన్‌కి 39 గ్రాముల చక్కెర, అంటే మరిగింపు లెక్క మారదు. దాని మసాలా వాసన మొలాసిస్‌తో కలిస్తే మందులా అనిపిస్తుంది కాబట్టి మొలాసిస్ ఒక టీ స్పూనుకి తగ్గించి, మిరియాలు అర టీ స్పూను పెంచు. వేకోదే ఇంకోటి ఉంది, బిగ్ రెడ్. దాన్ని మరిగించకు. బబుల్‌గమ్ రుచి కెచప్‌తో అస్సలు పొసగదు.

గాజు సీసా గురించి: తాగడానికైతే సరే, మరిగించడానికి డబ్బు దండగ. ఆమ్లంలో అరగంట మరిగితే చెరుకు చక్కెరలో కొంత గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విడిపోతుంది. కార్న్ సిరప్‌లో ఉండేవీ అవే. చివర్లో కలిపే 60 మి.లీ. మాత్రం సీసాది పోస్తే పోయొచ్చు.

జీరో షుగర్ రకం ఎవరైనా అడిగేలోపే చెప్తున్నా, వద్దు. పాకం కట్టడానికి అందులో చక్కెర లేదు. నీళ్లు ఇగిరిపోయి స్వీటెనర్ చేదు మిగులుతుంది.

లెక్సింగ్టన్_డిప్
ఒక అభ్యంతరం. ఇది "నార్త్ కరోలినా సాస్" అని మాత్రం అనకండి. చిక్కటి తియ్యటి సాస్ కాన్సాస్ సిటీ దారి. ఇక్కడ తూర్పున పంది మొత్తాన్ని కాల్చి వెనిగర్, మిరప పోస్తారు. టమాటా తగలనివ్వరు. పశ్చిమాన, లెక్సింగ్టన్ చుట్టుపక్కల, భుజం మాంసం మాత్రమే కాల్చి, వెనిగర్‌లో కాస్త కెచప్ కలిపిన పలచటి డిప్ పోస్తారు. సాల్స్‌బరీకి లెక్సింగ్టన్ ఇరవై మైళ్ల లోపే. ఆ హోటళ్లలో చీర్‌వైన్ పళ్లెం పక్కన గ్లాసులో ఉంటుంది. దాని చోటు అదే.

సాస్‌లోనే పోయాలని పట్టుబడితే డిప్‌లో పోయండి, చెడదు. ఒక క్యాన్ చీర్‌వైన్‌ని 120 మి.లీ.కి మరిగించి, రెండు కప్పుల సైడర్ వెనిగర్, అర కప్పు కెచప్, రెండు టీ స్పూన్ల ఉప్పు, టేబుల్ స్పూను దంచిన ఎండుమిరప, టీ స్పూను మిరియాలు కలిపి పది నిమిషాలు మరగనివ్వాలి. మామూలుగా డిప్‌లో వేసే చక్కెర బదులు ఈ పాకం. చిక్కబడకూడదు, మన చారులా జారుగా ఉండాలి. ఒక రాత్రి ఆగితే మిరప దిగుతుంది. చల్లటి పదార్థం మీద కాదు, విడదీసిన వేడి మాంసం మీద పొయ్యాలి, అప్పుడే పీల్చుకుంటుంది. దీన్ని గ్రిల్ మీద పూస్తే మాత్రం కారిపోయి మంటలు రేపుతుంది.

పొగపొయ్యి
ఒప్పుకుంటాను, సంప్రదాయం కాదు. కానీ చికెన్ తొడలకి డిప్ నిలవదు, అడిగింది తొడల గురించే.

కేరీ గారూ, ఇరవై మందికి 40 తొడలు అనుకుందాం. రెండు పూతలకి తొడకి ఒకటిన్నర టేబుల్ స్పూను చొప్పున 900 మి.లీ. అవుతుంది. బల్ల మీద పెట్టడానికి ఇంకో 300. అంటే కొలత రెట్టింపు చెయ్యండి. అయితే నాలుగు క్యాన్లూ ఒకే గిన్నెలో పొయ్యొద్దు. ఇగరడం గిన్నె వెడల్పుని బట్టి ఉంటుంది, రెట్టింపు సోడాకి సమయం కూడా రెట్టింపవుతుంది. రెండు గిన్నెల్లో మరిగించి, కెచప్ దగ్గర కలపండి.

గ్రిల్‌లో ఒక వైపు బర్నర్లు వెలిగించి, రెండో వైపు ఆపెయ్యండి. తొడలకి ఉప్పు, మిరియాలు, కాస్త కారం మాత్రమే పట్టించి మంట లేని వైపు పెట్టి మూత వెయ్యండి. లోపల 375 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఉండాలి. ఎముక పక్కన థర్మామీటర్ గుచ్చితే 155 చూపించే దాకా సాస్ జోలికి వెళ్లొద్దు. అప్పుడు పలచగా ఒక పూత, అయిదు నిమిషాలాగి రెండో పూత, ఇంకో అయిదు నిమిషాలు. చికెన్‌కి 165 తప్పనిసరి, తొడలు మాత్రం 175 దాకా వెళ్తేనే మెత్తగా ఊడొస్తాయి. ఆఖర్న కావాలంటే మంట వైపు ఒక అరనిమిషం తిప్పండి, అంతకంటే వద్దు.

మొదటి నుంచే పూస్తే ఏమవుతుందో తెలుసు కదా. ఫ్రక్టోజ్ 110 డిగ్రీల సెల్సియస్ దగ్గరే రంగు మారడం మొదలుపెడుతుంది, గ్రిల్ కడ్డీ అంతకు రెట్టింపు వేడిగా ఉంటుంది. బయట బొగ్గు, లోపల పచ్చి.

పూసే సాస్ వేరే గిన్నెలో పెట్టుకోండి. బ్రష్ ముంచిన గిన్నె బల్ల మీదకి రాకూడదు.

శాకాహారి_నేనే
వూస్టర్‌షైర్‌లో ఆంకోవీ చేపలుంటాయి కదా. వాటికి బదులు? పనీర్‌కి, పనసకాయకి ఇదే సాస్ వాడొచ్చా?

ఆమ్లం_లెక్క
అక్కా, వూస్టర్‌షైర్‌లో చింతపండు కూడా ఉంటుంది, కాబట్టి బదులు వెతకడానికి దూరం పోనక్కర్లేదు. రెండు టేబుల్ స్పూన్లకి బదులు: చిక్కటి చింతపండు గుజ్జు 2 టీ స్పూన్లు, సోయా సాస్ 1 టేబుల్ స్పూను, వెనిగర్ 1 టీ స్పూను, చిటికెడు లవంగం పొడి. గుజ్జుని వడకట్టండి, పీచు ఉంటే బ్రష్‌కి చుట్టుకుంటుంది.

పనీర్ని అంగుళం మందాన కోసి, నీరు పిండి, పెనం మీద రెండు వైపులా ఎర్రగా కాల్చాకే సాస్‌లో వెయ్యాలి. ముందే సాస్‌లో నానబెడితే పైన మాడుతుంది, లోపలికేమో ఏదీ దిగదు. పనసకి ఉప్పునీటి డబ్బాలో వచ్చే లేత కాయ తీసుకోండి. పాకంలోది వద్దు. రెండుసార్లు కడిగి, సాస్‌కి సగం నీళ్లు కలిపి అందులో 20 నిమిషాలు ఉడికించి, గరిటెతో విడదీసి, పళ్లెంలో పరిచి 425 డిగ్రీల ఫారెన్‌హీట్ ఓవెన్‌లో 15 నిమిషాలు. అంచులు కరకరలాడాలి.

కేరీ_వంటిల్లు
మొలాసిస్ బదులు బెల్లం వెయ్యొచ్చా? ఇంట్లో అదే ఉంది. చల్లారాక సాస్ గడ్డలా అవుతుందని కూడా చాలామంది అంటున్నారు, దానికి ఉపాయం?

పొగపొయ్యి
నల్ల బెల్లం అయితే భేష్, తురిమి టేబుల్ స్పూనున్నర. మొలాసిస్‌లోని చేదు రాదు, దానికి పావు టీ స్పూను ఇన్‌స్టంట్ కాఫీ పొడి వేస్తే సరిపోతుంది. బెల్లంలో మట్టి ఉంటే ముందు వేడినీళ్లలో కరిగించి వడకట్టండి.

గడ్డ కట్టడం అంటే పొయ్యి మీద ఉండగానే మీకు కావలసినంత చిక్కగా చేశారన్నమాట. వేడి సాస్ ఎప్పుడూ పలచగానే కనిపిస్తుంది. ఫ్రీజర్‌లో పెట్టిన పళ్లెం మీద ఒక స్పూను వేసి, నిమిషం ఆగి, మధ్యలో వేలితో గీత గీయండి. గీత మెల్లగా పూడుకుంటే దించేయొచ్చు. పూడుకోకుండా నిలబడితే నీళ్లు కలపండి. చివర్లో పోసే 60 మి.లీ. సోడా ఇంకా రావాలి కదా, అది కూడా పలచన చేస్తుంది.

పలచగా ఉందని కార్న్‌ఫ్లోర్ మాత్రం వెయ్యొద్దు. పులుపులో ఉడికితే పట్టు వదిలేస్తుంది, మర్నాటికి నీరు తేలుతుంది. తప్పదనుకుంటే చిక్కదనానికి వాడే క్సాంథన్ గమ్ పొడి 600 మి.లీ.కి ఒక గ్రాము లోపే, అదీ కాస్త నూనెలో కలిపి వెయ్యాలి, లేకపోతే ఉండలు కడుతుంది.

ఫ్రిస్కో_కారం
కారం అర స్పూను అంటే మాకు ఆనదన్నా.

పొగపొయ్యి
ఆనుతుంది, కాస్త ఓపిక పట్టు. తీపి ముందు తగులుతుంది, కారం నిమిషం ఆలస్యంగా లేస్తుంది. స్పూను నాకి వెంటనే ఇంకో స్పూను కారం వేసేవాళ్ల సాస్‌ని తర్వాత ఎవరూ ముట్టుకోరు. రంగు కోసమైతే కాశ్మీరీ కారం వేసుకో. ఎంత వేసినా చీర్‌వైన్ ఎరుపు రాదనుకో, కెచప్, కారమెల్ కలిసి ఇటుక రంగుకే తిరుగుతాయి.

గోదారి_గట్టు
ఆయ్, ఇక్కడ చీర్‌వైన్ ఎక్కడండీ. మా రామచంద్రపురం ఆర్టోస్ ఉంది గదా, 1919 నుంచీ ఉన్న సరుకు. ద్రాక్ష రుచి. దాంతో చేస్తే?

ఆమ్లం_లెక్క
చెయ్యొచ్చండీ, పద్ధతి అదే. సీసా లేబుల్ మీద 100 మి.లీ.కి చక్కెర ఎంతో చూసి, మొత్తం 75 గ్రాములు వచ్చేంత సోడా కొలుచుకోండి. దాన్ని 220 మి.లీ.కి మరిగించండి. ద్రాక్ష రుచి పానీయాల్లో సాధారణంగా వాడే మిథైల్ ఆంత్రనిలేట్ చెర్రీ వాసనంత తొందరగా లేచిపోదు, కాబట్టి చివర్లో 30 మి.లీ. పచ్చిది చాలు. బాదం ఎసెన్స్ వద్దు.

అక్కడ రెండు జాగ్రత్తలు. కెచప్ వెనక చదవండి, పిండి కలిపినదైతే ఉడికేకొద్దీ బంకలా సాగుతుంది. దానికంటే టమాటా ప్యూరీ వాడి, ఉప్పు మీరే వేసుకోవడం నయం. వెనిగర్ 4 శాతందైతే అర కప్పుకి ఇంకో రెండు టేబుల్ స్పూన్లు పెంచండి.

కొత్త_సభ్యుడు_27
ఇంత చేసి సీసాల్లో పోసి దసరాకి స్నేహితులకి ఇవ్వొచ్చా? బయట ఎన్నాళ్లు నిలవుంటుంది?

ఆమ్లం_లెక్క
బయట పెట్టొద్దు. పొడులతో చేసిన ఈ సాస్ శుభ్రమైన సీసాలో ఫ్రిజ్‌లో మూడు వారాలు. పచ్చి ఉల్లి, వెల్లుల్లి వేయించి వేస్తే వారం, పది రోజులు. అంతకు మించి కావాలంటే ఫ్రీజర్. ఇచ్చేటప్పుడు కూడా ఐస్‌ప్యాక్‌తో ఇచ్చి, ఫ్రిజ్‌లో పెట్టమని సీసా మీద రాయండి.

వెనిగర్ ఉంది కదా ఏమవుతుందిలే అనుకుంటారు. బోటులిజం (ప్రాణం తీయగల ఆహార విషం) భయం లేకుండా ఉండాలంటే పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గితే పులుపు ఎక్కువ) 4.6 కన్నా తక్కువ ఉండాలి, ఇంట్లో చేసేటప్పుడు 4.0 లోపు పెట్టుకోవడం మంచిది. ఈ కొలతల్లో ఆ ఇబ్బంది రాకూడదు. కానీ ఒకరు వెనిగర్ తగ్గిస్తారు, ఇంకొకరు రెండు ఉల్లిపాయలు వేస్తారు, లెక్క తప్పుతుంది. కాగితం స్ట్రిప్‌లతో చూడకండి, సాస్ ఎరుపు వాటికి అంటుకుని రంగు తెలియదు. మీటర్ కావాలి, 4.01, 7.00 బఫర్లతో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలు) సరిచేసుకుని, సాస్‌ని మిక్సీలో మెత్తగా తిప్పి, చల్లారాక ముంచాలి. పీహెచ్ తక్కువ వచ్చినంత మాత్రాన గదిలో నిలవుంటుందని కాదు. బూజు, ఈస్ట్ ఆ పులుపులోనూ పెరుగుతాయి.

అమ్మాలంటే అది వేరే దారి, నార్త్ కరోలినాలో అయితే ఆమ్లీకృత ఆహారాల (ఆమ్లం కలిపి నిలవ చేసేవి) కింద రాష్ట్ర వ్యవసాయ శాఖ నిబంధనలు వర్తిస్తాయి. పైగా చీర్‌వైన్ పేరు లేబుల్ మీద వేసుకోవడానికి కంపెనీ అనుమతి కావాలి.

కేరీ_వంటిల్లు
అందరికీ ధన్యవాదాలు. ఒక్క సందేహం మిగిలింది. సాస్ ముందురోజే చేసి పెట్టుకుంటే ఆ 60 మి.లీ. చీర్‌వైన్ అప్పుడే కలపాలా, మర్నాడా?

పొగపొయ్యి
మర్నాడు. సాస్ దించి ఆరబెట్టి అలాగే ఫ్రిజ్‌లో పెట్టండి. గ్రిల్ వెలిగించాక సాస్‌ని గోరువెచ్చగా చేసి, బల్ల మీదకి 300 మి.లీ. విడిగా తీయండి. పూసే దాంట్లో పచ్చి సోడా పోసినా మంటకి పోతుంది, అందులో వెయ్యకండి. బల్ల మీద పెట్టే గిన్నెలోనే కలపండి. రెట్టింపు కొలత కాబట్టి 120 మి.లీ. దాచి ఉంటారు, అందులో 30 చాలు. మిగతాది తాగెయ్యండి.